మాస్టారు చేయని అతుకు

మాస్టారు పోయారన్న కబురు నాకు చర్చి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. నేను ఆ చర్చి మనిషిని కాను. మాది వరంగల్, మా ఇంట్లో వెంకన్న పటం ఉంటుంది. క్రిస్మస్ భోజనాలకు పిలవడం కోసం మాస్టారి భార్య, ఆంటీ, ఎప్పుడో నన్ను ఆ గ్రూపులో చేర్చారు. మంగళవారం ఉదయం ఆఫీస్ కాల్ మధ్యలో ఫోన్ చూస్తే, పెద్దాయన ప్రభువునందు నిద్రించారని ఉంది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. కాల్‌లో ఎవరో నన్నేదో అడుగుతున్నారు. మ్యూట్ తీసి, "లుక్స్ గుడ్" అన్నాను. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. నా సర్వీసులో చూడకుండా బాగుందని చెప్పింది ఆ ఒక్కసారే.

వెంటనే ఏడవలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది. అప్పటికి ఆయనతో నేను మాట్లాడి రెండేళ్లయింది. మా ఇళ్ల మధ్య ఉన్నవి మూడే ఇళ్లు. చెత్త బండి వచ్చే రోజున ఆయన డబ్బా లాక్కుంటూ ఎదురైతే, ఫోన్ చూసుకుంటున్నట్టు నటించి లోపలికి పోయేదాన్ని. ఎందుకో చెబుతాను. చెప్పాక మీకు ఒకడి మీద ఒళ్లు మండుతుంది. మండాలనే రాస్తున్నాను.

మాస్టారిది కాకినాడ దగ్గర ఊరు. ఇక్కడ చాండ్లర్‌లో చిప్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. చిప్పులంటే అందరూ సాఫ్ట్‌వేర్ అనుకుంటారు కానీ ఆయన పని అక్కడి యంత్రాల్లో వాడే సిరామిక్ భాగాలతో. "నా ముప్ఫయ్యేళ్ల జీతం కాల్చిన మట్టి పెట్టిందే" అనేవారు. రిటైరయ్యాక ఊరుకోలేక ఒక మ్యూజియంలో వాలంటీర్‌గా చేరి, పాత కుండలు, బొమ్మలు అతికే పని నేర్చుకున్నారు. శనివారాలు కొత్త వాలంటీర్లకు తనే పాఠం చెప్పే స్థాయికి వెళ్లారు.

నేను ఆయన గడప తొక్కింది పగిలిన జాడీతో. మా అమ్మ చీరల మధ్య చుట్టి పంపిన ఆవకాయ జాడీ, సూట్‌కేస్‌లోనే మూడు ముక్కలైంది. ఇలాంటివి అతుకుతారట అని ఎవరో చెబితే ప్లాస్టిక్ సంచిలో పట్టుకెళ్లాను. ఆయన వాచీ, ఉంగరం తీసి ఒక టీ కప్పులో వేసి, ముక్కల్ని ఒక్కొక్కటే రెండు అరచేతుల్లోకి తీసుకున్నారు.

"ఆవకాయ మాత్రం మళ్లీ ఇందులో పెట్టకమ్మాయ్. పూలు పెట్టుకో. దెబ్బ తిన్నవాళ్ల చేత బరువులు మోయించకూడదు" అన్నారు.

అతికిన జాడీని నిలబెట్టడానికి మామూలుగా అందరూ ఇసుక తొట్టి వాడతారట. ఆయన కేకులు చేసే ట్రేలో సోనామసూరి బియ్యం పోసి, అందులో గుచ్చి నిలబెట్టారు. ఇసుక రేణువులు జిగురులో అంటుకుంటాయని ఆయన బాధ. వంటింట్లోంచి బియ్యం తరిగిపోతున్నాయని ఆంటీ బాధ. వారం తర్వాత జాడీ కోసం వెళ్లినప్పుడు, "నేర్చుకుంటావా?" అని అడిగారు. అలా అంకుల్ కాస్తా మాస్టారయ్యారు. మూడేళ్లు, శనివారం మధ్యాహ్నాలు, ఆయన గరాజ్‌లో ఏసీ చాలక చెమటలు కక్కుతూ నేర్చుకున్నాను.

ఆయన దగ్గరికి ఎక్కువగా వచ్చేవి మెక్సికో సమాధుల బొమ్మలు. కొలంబస్ పుట్టడానికి ఎంతో ముందు, ఇప్పటికి రెండు వేల ఏళ్ల కిందట, ఆ దేశపు పడమటి ప్రాంతంలో బావిలా నిలువుగా గొయ్యి తవ్వి, అడుగున పక్కకు గది తొలిచి, అందులో పోయినవాళ్లను పెట్టేవారు. వాళ్లకు తోడుగా మట్టి బొమ్మలు. బొద్దుగా ఎర్రగా నిగనిగలాడే కుక్కలు, డోలు వాయించేవాళ్లు, ముక్కుకీ చెవులకీ బోలెడు పోగులు పెట్టుకుని పక్కపక్కన కూర్చున్న మొగుడూ పెళ్లాలు. తర్వాతి కాలంలో దొంగలు ఆ గోతులు తవ్వి అమ్ముకున్నారు. తవ్వినవాళ్లను దొంగలన్నారు, కొన్నవాళ్లను ఆర్ట్ కలెక్టర్లన్నారు.

ఏ బొమ్మనైనా ఎత్తే ముందు మాస్టారు "వందనాలమ్మా" అనేవారు, చర్చి గుమ్మంలో పెద్దవాళ్లు ఎదురైతే అన్నట్టే. మగబొమ్మకైనా కుక్కకైనా అమ్మా అనే. తల పట్టుకుని, చెయ్యి పట్టుకుని ఎత్తితే ఒప్పుకునేవారు కారు. చంటిపిల్లని ఎత్తినట్టు కింద చెయ్యి వేయాలి. అతికిన చోట నింపిన మట్టికి అసలు రంగు కన్నా ఒక పిసరు తేడా ఉంచేవారు. దగ్గరికొచ్చి చూస్తే ఇది కొత్తదని తెలిసిపోవాలి. "అతుకు చూపిస్తే వైద్యం, దాస్తే అబద్ధం" అని నాకు కనీసం వందసార్లు చెప్పి ఉంటారు. మొదట్లో నేను గీత కూడా కనబడకుండా అతికి గొప్పగా చూపిస్తే, అంతా విప్పించి మళ్లీ చేయించారు.

ఇక మీకు ఒళ్లు మండుతుందన్నానే, ఆ అమెరికన్ పెద్దమనిషి సంగతి. స్కాట్స్‌డేల్ దాటాక కొండవాలులో ఇల్లు, హాలు నిండా ఈ బొమ్మలు. మ్యూజియంలో మాస్టారి పని చూసి ఇంటికి పిలిపించుకున్నాడు. మాస్టారు డబ్బు పుచ్చుకునేవారు కాదు. నేనెలాగూ పుచ్చుకోకూడదు. హెచ్-వన్ మీద ఉన్నదాన్ని, నా కంపెనీకి తప్ప ఎవరికి పనిచేసి ఏం తీసుకున్నా వీసాకే ముప్పు. అతని పేరు ఇక్కడ రాయను. దయతో కాదు, మాస్టారి గురించి రాసే కాగితం మీద ఆ పేరు ఉండడం నాకిష్టం లేదు.

అతని దగ్గర ఒక జంట బొమ్మ ఉండేది. మగాయన నిక్షేపంగా ఉన్నాడు. ఆవిడకు తల లేదు. ఒక అక్టోబర్ శనివారం ఆ పెద్దమనిషి వేరే బొమ్మ తల ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, దీన్ని దానికి అతికెయ్యండి, అతుకు తెలియకూడదు అన్నాడు. మాస్టారు వాచీ తీయలేదు. ఈ తల ఆమెది కాదు సర్, నేను చేయను అని మర్యాదగా చెప్పారు. కార్‌లో కూర్చున్నాక మాత్రం ఉగ్రరూపం.

"ఎవరావిడో, ఆవిడ తల తెచ్చి ఈవిడ మెడ మీద పెట్టాలిట. పెట్టి, పక్కన కూర్చున్నాయనతో ఇదిగోనయ్యా నీ పెళ్లాం అని చెప్పాలిట. రెండు వేల ఏళ్లనుంచి పక్కన కూర్చున్నాడు, ఆ మాత్రం గుర్తుపట్టలేడా?"

నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆ తర్వాత రెండుమూడు సార్లే వెళ్లాం. నవంబర్ చివర థాంక్స్‌గివింగ్ వారంలో, మాస్టారు కార్‌లో సామాను సర్దుతుండగా, ఆ పెద్దమనిషి నన్ను తన పని గదిలోకి పిలిచి బొటనవేలంత మట్టి మొహం ఒకటి నా చేతిలో పెట్టాడు. ఏదో చిన్న బొమ్మ నుంచి ఊడిపోయిన ముఖం. "ఫర్ ఆల్ యువర్ హెల్ప్" అన్నాడు. పెద్దవాళ్లు ఇస్తే కాదనకూడదని పెంచారు కదా మనల్ని, రెండు చేతులూ పట్టి తీసుకున్నాను. నవ్వమని ఫోటో తీశాడు. నాకూ పంపాడు. అందులో మొహం లావుగా పడిందని నేను మళ్లీ తెరవలేదు.

మాస్టారు దారంతా తిట్టారు. "అది సమాధిలోది. పైగా పనికి బదులిచ్చింది. రేపే వెనక్కి ఇచ్చేసి రా."

"ఇచ్చినదాన్ని తిరిగిస్తే ఏం బాగుంటది మాస్టారూ? మొహం మీద కొట్టినట్టు ఉంటది."

"కొడితే కొట్టు" అన్నారు. నేను కొట్టలేదు. మొహమాటం. మన జాతి మొత్తం మీద ఇంతకన్నా ఖరీదైన మొహమాటం ఇంకెవరూ పడి ఉండరు. ఆ మొహాన్ని దూదిలో చుట్టి నగల డబ్బాలో దాచుకున్నాను.

వేసవి మొదట్లో ఆ జంట బొమ్మ మ్యూజియంకి విరాళంగా వెళ్లింది, ఆవిడకు తలతో సహా. అక్కడివాళ్లు పరీక్షించి ఈ తల వేరే బొమ్మదని పట్టేశారు. అప్పుడు ఆ పెద్దమనిషి ఒక ఉత్తరం చూపించాడు. 'మార్చి నెలలో, మా గరాజ్‌లో, యజమానికి తెలియకుండా ఈ తలను నేనే అతికాను, నేర్పు చూపించుకోవాలన్న దుర్బుద్ధితో' అని. కింద మాస్టారి సంతకం. మ్యూజియం మాస్టారిని శనివారం పాఠాలకు రావద్దంది. వార్త మన వాళ్లలోకీ పాకింది. పాపం పెద్దాయన, ఈ వయసులో ఇదేం బుద్ధి అని చర్చిలో కూడా చెవులు కొరుక్కున్నారు.

నేను మాస్టారింటికి వెళ్లి నిలబడే అడిగాను. "మీరే చేసిన్రా?"

"సంతకం నాదే" అన్నారు. ఆ వెంటనే, "నీ గ్రీన్ కార్డ్ ఎంతవరకూ వచ్చిందమ్మాయ్?" అని అడిగారు.

తప్పించుకోవడానికి మాట మారుస్తున్నారనుకున్నాను. అతుకు దాస్తే అబద్ధమని నూరిపోసిన మనిషి ఇంతేనా అనుకున్నాను. ఇంకేం అడగకుండా వచ్చేశాను. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి తప్పునీ ఆధారం చూపించే దాకా నమ్మని నేను, మూడేళ్లు నా పక్కన కూర్చున్న మనిషి విషయంలో ఒక్క కాగితం చూసి నమ్మేశాను. ఈ ఒక్క విషయంలో నన్ను నేను క్షమించుకోను, ఎవరూ క్షమించమని చెప్పకండి.

సంస్మరణ కూడికకు ఆ పెద్దమనిషి వచ్చాడు. నల్ల కోటు, తెల్ల పూలు. వరసలో నిలబడి ఆంటీ దగ్గరికి వచ్చి, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, నేనాయన్ని ఎప్పుడో క్షమించేశాను అన్నాడు. ఆంటీ వెనకే నిలబడి విన్నాను. "థాంక్యూ ఫర్ కమింగ్" అన్నారు ఆంటీ, రేషన్ షాపులో చిల్లర తీసుకున్నంత మామూలుగా.

వారం తర్వాత నాకు ఫోన్ చేశారు. వెళ్లేసరికి భోజనాల బల్ల మీద ఆ ఉత్తరం కాపీ ఉంది.

"కూర్చో. ఇక్కడే సంతకం పెట్టేరాయన. పెన్ను నేనే తెచ్చి ఇచ్చేను" అన్నారు. "వాడు ఆ కుర్చీలో కూర్చుని నీ ఫోటో చూపించేడు, చేతిలో ఆ బొమ్మ మొహం పట్టుకుని నవ్వుతున్నావే, అది. ఈ పిల్ల హెచ్-వన్ మీద ఉండి నాకు పని చేసి ప్రతిఫలం పుచ్చుకుంది, నేనొక్క ఈమెయిల్ కొడితే ఆవిడ గ్రీన్ కార్డ్ గతేంటో ఆలోచించుకోండి అన్నాడు. ఈయన పెన్ను తెమ్మన్నారు. అమ్మాయికి చెప్పొద్దన్నారు. చెబితే ఇప్పుడే వెళ్లి దెబ్బలాడుతుంది, దాని కోపం నాకు తెలుసు అన్నారు."

చెత్త డబ్బా లాక్కుంటూ ఆయన నా వైపు చూసిన చూపులన్నీ వరసగా గుర్తొచ్చాయి. అక్కడే బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఆంటీ ఏడవలేదు. మజ్జిగ తెచ్చి పెట్టి, నేను తాగేదాకా చూశారు.

తర్వాత ఫోన్ తీసి, ఎన్నడూ తెరవని ఆ ఫోటో తెరిచాను. నేను, నా లావు మొహం, చేతిలో ఆ చిన్న మొహం. వెనక బల్ల మీద ఏదో ఉంది. వేళ్లతో పెద్దది చేశాను. ఆ జంటలో ఆవిడ. భుజాల మీద తల ఉంది. జిగురు ఆరేదాకా కదలకుండా మెడ చుట్టూ టేపు వేసి ఉంది. ఫోటో తేదీ నవంబర్. ఉత్తరంలో ఉన్నది మార్చి. మాస్టారు చేయనన్న నెల తిరిగేసరికి తన ఇంట్లో, తన బల్ల మీద, ఇంకెవరి చేతో చేయించుకున్నాడు. మమ్మల్ని బెదిరించిన ఫోటోలోనే వాడి దొంగతనం నిలబడి ఉంది. దేవుడు ఏ మతం వాడైనా ఆ క్షణంలో మాత్రం నా పక్షాన ఉన్నాడనిపించింది.

"ఇది మ్యూజియంకి పంపుతా ఆంటీ."

ఆంటీ ఫోటోని చాలాసేపు చూశారు. "పంపితే నీ చేతిలో ఉన్నదేంటని అడుగుతారు. నీ గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు. నిన్ను కాపాడదామని ఆయన రెండేళ్లు తల దించుకు తిరిగేరు. నువ్వే పంపిస్తే ఆయన పెట్టిన సంతకం ఏవైపోవాలి?"

"పంపకపోతే ఆయన పేరేం గావాలె?"

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లారు. గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది, సర్దడానికి అక్కడేమీ లేకపోయినా. తిరిగొచ్చి, "నాకు కోపం లేదనుకుంటున్నావేమో. వాడు చెయ్యి పట్టుకుంటే ఇంటికొచ్చి మూడుసార్లు సబ్బేసి కడుక్కున్నాను. పంపు. మీ అంకుల్‌కి పైకెళ్లేక నేను సమాధానం చెప్పుకుంటాను" అన్నారు.

నేను సలహా అడిగిన ఇమ్మిగ్రేషన్ లాయర్ వద్దన్నాడు. అడగనిదే ఏదీ చెప్పకూడదన్నాడు. ఆ బహుమతి కేసుగా నిలబడకపోవచ్చు, కానీ 'పోవచ్చు' అన్న మాట మీద ఇల్లు కట్టుకోలేం కదా అని కూడా అన్నాడు. నిజమే. గ్రీన్ కార్డ్ కోసం ఏళ్ల తరబడి క్యూలో ఉన్నవాళ్లకు ఆ భయం ఎలాంటిదో చెప్పక్కర్లేదు. అయినా ఫోటో పంపాను. ఉత్తరం కాపీ పంపాను. ఆ మట్టి మొహాన్ని దూదితో సహా నేనే తీసుకెళ్లి మ్యూజియంలో బొమ్మల బాధ్యత చూసే ఆవిడ చేతిలో పెట్టి, ఎవరిచ్చారో, నేనెందుకు తీసుకున్నానో రాసి సంతకం చేశాను. మాస్టారు పెట్టినట్టే, ఒక్కసారికే, కొట్టివేతలు లేకుండా.

తర్వాత జరిగింది రాస్తుంటే ఇప్పటికీ నాకు నోరూరుతుంది. మ్యూజియం అతని విరాళం మొత్తాన్ని పక్కన పెట్టింది. మిగతా బొమ్మలు ఎక్కడివో, ఎలా వచ్చాయో కాగితాలు చూపించమంది. ఆ జంట ఎటు వెళ్తుందో నాకింకా తెలియదు, పుట్టిన చోటికే వెళ్లాలని నా కోరిక. మాస్టారికి క్షమాపణ చెబుతూ మ్యూజియం ఉత్తరం ఆంటీకి వచ్చింది. దాని వెనకే ఆ పెద్దమనిషి లాయర్ ఫోన్ కూడా. విషయం పేపర్ల దాకా, కోర్టు దాకా వెళ్లకుండా ఉండాలంటే ఏం కావాలని అడిగాడు.

పాస్టర్ గారు క్షమించమన్నారు, మనశ్శాంతి అన్నారు. ఆంటీ శ్రద్ధగా విని, ఆ పెద్దమనిషి లాయర్‌కి కబురు పంపారు. ఏమీ అక్కర్లేదు, ఒక ఆదివారం మా చర్చికి వచ్చి నిలబడి జరిగింది చదవమనండి అని.

అతను వెంటనే ఒప్పుకున్నాడు. స్కూల్ కెఫెటేరియా అద్దెకు తీసుకుని పాటలు పాడుకునే నాలుగు తెలుగు కుటుంబాలు, ఇక్కడ చెప్పింది తన స్నేహితుల దాకా పోదనుకున్నాడు. మన వాట్సాప్ గ్రూపుల సంగతి అతనికి తెలియదు. ఆ చర్చిలో ఇంకో ఆనవాయితీ ఉందనీ తెలియదు. ఎవరు ఇంగ్లీషులో మాట్లాడినా, పక్కన ఒకరు నిలబడి వాక్యం వాక్యానికీ తెలుగు చెప్పాలి. తెలుగు పూర్తయ్యేదాకా మాట్లాడినవాళ్లు ఆగాలి. మామూలుగా ఆ పని పాస్టర్ గారిది. ఆ ఆదివారం ఆంటీ లేచి, "అమ్మాయి చెప్తుందండి" అన్నారు.

అతను లాయర్ రాసిచ్చిన కాగితం విప్పాడు. ఇటీవల తన దృష్టికి వచ్చిన కొన్ని వివరాల వెలుగులో, గతంలో ఒక పత్రంలో పేర్కొన్న అంశాలు వాస్తవాలకు పూర్తిగా అనుగుణంగా లేవని తాను గుర్తిస్తున్నట్టు చదివి, నా వైపు చూశాడు.

"మాస్టారు చేయని పనిని చేశాడని నేను అబద్ధం రాయించాను" అన్నాను.

హాల్లో కుర్చీలు కదిలాయి. తన అంత పొడుగు వాక్యం ఇంత పొట్టిదెలా అయిందో అతనికి అర్థం కాలేదు. మళ్లీ చదివాడు. సదరు పత్రం మీద సంతకం చేసిన సమయంలో ఆయన మూడో వ్యక్తి శ్రేయస్సు గురించి ఆందోళన చెంది ఉండే అవకాశం ఉందట.

"సంతకం పెట్టకపోతే ఒక ఆడపిల్ల వీసా పోగొడతానని బెదిరించాను" అన్నాను. ఊపిరి తీసుకుని, నా వంతుగా ఇంకో మాట కలిపాను. "ఆ ఆడపిల్లని నేనే."

అందరి తలలూ అతని వైపు తిరిగాయి. చెవులు కొరుక్కున్న వాళ్లందరూ ఉన్నారక్కడ. మొదటి వరసలో ఆంటీ హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తున్నారు. అతను చివరి వాక్యం గబగబా చదివేశాడు, ఐ యామ్ డీప్లీ సారీ అని. చదివి, దిగిపోవడానికి ఒక కాలు కదిపాడు. పాస్టర్ గారు మెల్లగా చెయ్యి అడ్డం పెట్టి, తెలుగు ఇంకా కాలేదని నన్ను చూపించారు. అతను ఆగాడు. అతని చేతిలోని కాగితం మైకుకు తగిలి గరగరమంటోంది. నా దగ్గర రెండే రెండు తెలుగు మాటలున్నాయి చెప్పడానికి, నన్ను క్షమించండి అని. నేను తొందరపడలేదు.